చంద్రుని చేరిన చుట్టుదారి

2023 జూలై 13వ తేదీన శాస్త్రజ్ఞులు కొందరు చంద్రయాన్-3 నమూనాను తిరుమల శ్రీవారి సన్నిధికి తీసికొనివచ్చిరి. మరునాడు శ్రీహరికోట నుండి అసలు నౌక గగనమునకు ఎగసినది. 1969లో శాటర్న్-5 అను మహారాకెట్టు పంపిన అపోలో-11 మూడు దినములలో చంద్రకక్ష్య చేరినది. మన నౌక చేరునప్పటికి ఆగస్టు 5వ తేదీ అయినది. ఇరువదిరెండు దినముల ఈ ఆలస్యము అసమర్థత కాదు. బుద్ధిపూర్వకముగా ఎన్నుకొన్న మార్గము.

తిరుమలకు నిటారుగా రోడ్డు వేసినచో ఏ బస్సును ఎక్కజాలదు. అందుచేతనే ఘాటురోడ్డు మలుపులు తిరుగును. దారి పెరిగినను, చిన్న ఇంజనుతోనే కొండ ఎక్కవచ్చును. చంద్రయాన్ సైతము భూమిని చుట్టుచు, భూమికి మిక్కిలి చేరువైనపుడెల్ల ఇంజనును కొంతసేపు మండించి, అంచెలంచెలుగా కక్ష్యను పెంచుకొన్నది. అచ్చట నౌక వేగము అత్యధికము. వేగముగా పోవునపుడు మండిన ఇంధనము అధిక ఫలమునిచ్చును.

పొదుపు ఫలము తరువాత కనబడినది. ల్యాండరును చంద్రకక్ష్యకు చేర్చిన వాహకభాగమున నూరు కిలోలకు మించిన ఇంధనము మిగిలినది. 2023 అక్టోబరులో శాస్త్రజ్ఞులు దానిని మరల భూమివైపు మరల్చిరి. 2025 నవంబరులో అది చంద్రుని సమీపమున రెండుమారులు సాగిపోగా, చంద్రుని ఆకర్షణయే దాని కక్ష్యను మిక్కిలి విశాలమొనర్చినది. ఇంజను చేయవలసిన పనిని చంద్రుడు చేసెను.

ఇట్టి సహాయమును జపాను అంతకుముందే పొందినది. 1990లో ప్రయోగించిన హితెన్ నౌకకు నేరుగా చంద్రకక్ష్య చేరుటకు చాలినంత ఇంధనము లేదు. సూర్యుడు, భూమి, చంద్రుడు, ఈ మూడింటి ఆకర్షణలు కలిసివచ్చు దారిని గణితజ్ఞులు వెదకి, 1991 అక్టోబరులో దానిని చంద్రుని దరి చేర్చిరి.

అయినను ఈ లాభము ఉచితము కాదు. ఇంధనమునకు మారుగా కాలమును చెల్లింపవలెను. ఆహారము, ప్రాణవాయువు పరిమితముగా గల మానవయాత్రకు నెలల తరబడి చుట్టుదారి తగదు. లెక్కయు సులభము కాదు. రెండు గోళముల చలనమునకు న్యూటను పరిష్కారము చూపెను. మూడవది చేరినచో అన్ని సందర్భములకు సరిపడు సులభసూత్రము లేదు. అడుగడుగునకు గణించుచు, నౌకను కనిపెట్టుచు పోవలెను.

మహారాకెట్టుల నిర్మాణమునకు అపారధనము కావలెను. అది కొరవడిన దేశమునకు గణితమే బలము. ఆ గణితము మన తరగతి గదులలో పుట్టవలెను. పరీక్షకొరకు సూత్రములు వల్లించు విద్యార్థికి, ఆ సూత్రమే ఒకనాడు నౌకకు ఇంధనమును మిగుల్చునని బోధించుట ఉపాధ్యాయుని కర్తవ్యము.