ఆంగ్ల పద పరిచయము: మార్ట్‌గేజరు, మార్ట్‌గేజీ

ఇల్లో పొలమో తనఖా పెట్టునపుడు వ్రాసెడి ఆంగ్ల పత్రములలో మార్ట్‌గేజరు, మార్ట్‌గేజీ అను రెండు పదములు మాటిమాటికిని గానవచ్చును. తుది ధ్వని తప్ప వానియందు భేదము లేదు. కాని యొకటి ఋణము గొన్నవారిని, మఱియొకటి ఋణ మిచ్చినవారిని దెలుపును. వీనిని తాఱుమాఱుగా గ్రహించిన గృహిణి తన హక్కును పరుల హక్కని తలచి యూరకుండు ప్రమాదము గలదు. కావున ఈ మాసమున వీనిని విచారింతము.

ఆంగ్లమున క్రియకు ‘అర్’ చేరినచో ఆ పని చేయువారని యర్థము. ‘ఈ’ చేరినచో సాధారణముగా ఆ పని యెవరియెడల జరుగునో వారని యర్థము. ఈ రెండవ ప్రత్యయము ఫ్రెంచి నుండి వచ్చినది. ఎంప్లాయరు పనిలో పెట్టుకొనువాడు. ఎంప్లాయీ పనిలో పెట్టుకొనబడినవాడు. అబ్సెంటీ యనగా రానివాడు గదా, అచట నీ సూత్రము చెల్లదు. ఇట్టి పదములు కొన్ని గలవు.

ఇక అసలు చిక్కు. ఇచ్చువారనగానే సొమ్మిచ్చినవారని తోచుట సహజము. కాని మార్ట్‌గేజి యనగా సొమ్ము గాదు, తనఖా. తనఖా నిచ్చునది ఋణము గొన్నవారే. కావున వారే మార్ట్‌గేజరు. తనఖాను పుచ్చుకొని సొమ్మిచ్చిన షావుకారో, బ్యాంకో మార్ట్‌గేజీ. 1882 సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 58వ సెక్షనున నిట్లే నిర్వచింపబడినది. అట్లే 105వ సెక్షను ననుసరించి కౌలు కిచ్చువారు లెస్సరు, కౌలుకు పుచ్చుకొనువారు లెస్సీ.

ఈ భేదము వ్యాకరణముతో ముగియునది గాదు. గడువు వచ్చిన పిమ్మట బాకీ చెల్లించి, తనఖా పత్రమును, ఆస్తి కాగితములను తిరిగి యిమ్మని యడుగు హక్కు మార్ట్‌గేజరుకు గలదని ఆ చట్టముననే 60వ సెక్షను చెప్పుచున్నది. ఆ పదము తమనే చెప్పుచున్నదని యెఱుగనివారు ఆ కాగితములను ధైర్యముగా నెట్లు అడుగగలరు?

చేవ్రాలు చేయుమని పత్రమును ముందుంచినపుడు, తమ పేరు ఏ పదము ప్రక్కన నున్నదో చూడనిదే మన సోదరీమణులు కలము పట్టకుందురు గాక యని మా కోరిక.