పెళ్లి మందు కాదు

కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

మొన్నటి వధూవరుల పరిచయ కార్యక్రమంలో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. ఒక తల్లి ఫారం నింపుతూ "ఆరోగ్యం" అన్న గడి దగ్గర ఆగిపోయింది. మెల్లగా అడిగింది: "అమ్మాయికి స్కిజోఫ్రీనియా అన్నారండీ. అయిదేళ్లుగా మాత్రలు వాడుతోంది. ఇప్పుడు బాగుంది, ఉద్యోగం కూడా చేస్తోంది. ఇది రాయాలా?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దాయన "రాయకమ్మా, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. నేనేమీ అనలేకపోయాను. అప్పుడు అనలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఈ విషయంలో మన చెన్నైలో జరిగిన పరిశోధనను ప్రపంచమంతా చదువుతోంది, మనం తప్ప. 1984లో డాక్టర్ శారదా మీనన్ గారు స్కార్ఫ్ సంస్థను స్థాపించారు. మొదటి నుంచీ ఆమెతో కలిసి పనిచేసిన డాక్టర్ ఆర్. తారా గారి పేరు స్కిజోఫ్రీనియా మీద రాసే విదేశీ పరిశోధకులకు బాగా తెలుసు. 1981-82లో మద్రాసు జనరల్ ఆసుపత్రికి తొలిసారి ఈ జబ్బుతో వచ్చిన 90 మందితో మొదలైన అధ్యయనాన్ని ఆవిడ బృందం పదేళ్లు, ఇరవై ఏళ్లు, పాతికేళ్ల దాకా కొనసాగించింది. పదేళ్ల తర్వాత చూస్తే ఎక్కువమందిలో జబ్బు లక్షణాలు బాగా తగ్గాయి. "ఈ జబ్బు వస్తే ఇక మనిషి అయిపోయినట్టే" అన్న మాట నిజం కాదని మన ఊరి మనుషుల జీవితాలే చూపించాయి.

నాకు ఇంకా నచ్చింది మరొకటి. భారతదేశం లాంటి దేశాల్లో కుటుంబాల వల్ల ఈ జబ్బు తేలిగ్గా నయమవుతుందని చాలాకాలం ప్రపంచమంతా అనుకుంది. వినడానికి మనకు గొప్పగానే ఉంటుంది. కానీ 2008లో 11 దేశాల 23 అధ్యయనాలను పరిశీలించి, ఆ మాటను అంత గుడ్డిగా నమ్మకూడదన్న వ్యాసం వచ్చింది. దాన్ని రాసిన నలుగురిలో తారా గారూ ఒకరు. మనల్ని మెచ్చుకునే మాటనైనా సరిచూడాలన్న ఆ నిజాయితీ మనకూ కావాలి.

ఇక పెళ్లి సంగతి. ఈ జబ్బు ఉండి, పెళ్లి చెడిపోయిన ఆడవాళ్ల మీద 2003లో ఆవిడ బృందం రాసింది. జబ్బు వల్ల వచ్చిన అవమానం కంటే భర్త వదిలేసిందన్న అవమానమే వాళ్లనూ, కన్నవాళ్లనూ ఎక్కువ బాధించిందట. "పెళ్లయితే సర్దుకుంటుంది" అన్న పెద్దలు ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కుతారా? దాచి పెళ్లి చేస్తే పిల్ల అత్తింట్లో మాత్రలు దాచుకుని మింగాలి, లేదా మానేయాలి. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు నింద ఎవరి మీద పడుతుందో మనకు తెలియదా?

"చెబితే సంబంధమే రాదు" అంటారు. నిజమే, కొన్ని వెనక్కి పోతాయి. కానీ దాచి కట్టబెట్టిన సంబంధం తెగితే పోయేది సంబంధం ఒక్కటే కాదు, కుదురుకున్న ఆరోగ్యం కూడా.

కార్యవర్గానికి నా విన్నపాలు మూడు. ఒకటి, నలుగురూ చూసే ఫారంలో ఆరోగ్యం గడి తీసేయండి. అది ఊరందరికీ చెప్పుకునే విషయం కాదు. రెండు, నిశ్చితార్థానికి ముందు రెండు కుటుంబాలూ డాక్టరు ఎదుట కూర్చుని విప్పి మాట్లాడుకునే పద్ధతి పెట్టండి. మూడు, నెలకో ఆదివారం సంఘం హాలు ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల కోసం తెరవండి. గోవా, సతారా, కాంచీపురంలో 282 మందితో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. తారా గారు అందులోనూ ఉన్నారు. శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇంటికి వెళ్లి తోడుంటే, డాక్టరు వైద్యంతో పాటు అదీ కొంత మేలు చేస్తుందని తేలింది. హాలు మనకుంది, మనుషులూ ఉన్నారు.

ఆ తల్లి గడి ఖాళీగానే వదిలి వెళ్లింది. అమ్మా, మీరు ఇది చదువుతుంటే నాకు ఒక్కసారి ఫోన్ చేయండి. ఈసారి మౌనంగా ఉండను.