ముందు జబ్బేమిటో చెప్పండి!

పిల్లవాడికి జ్వరమొస్తే డాక్టరుగారు నాలుక చూస్తారు, గుండె వింటారు, అవసరమైతే రక్తపరీక్ష చేయిస్తారు. అవేవీ లేకుండా "ముందు టాన్సిల్స్ తీసేద్దాం, తగ్గకపోతే అపెండిక్స్ సంగతి చూద్దాం" అన్నారనుకోండి, ఊరుకుంటామా? మరి కారు విషయంలో మాత్రం మనం నోరు మూసుకుని పర్సు తెరుస్తాం. నా పోట్లాటంతా దీనిమీదే.

మాది పటాన్‌చెరు. కిందటి వానాకాలం మా పెట్రోలు కారుకి వణుకు పట్టుకుంది. బొంబాయి రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, స్టీరింగు మీద చెయ్యి గడగడలాడేది. హైవే పక్కనున్న ఓ షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆయన బానెట్టయినా ఎత్తకుండానే "మిస్సింగ్ కొడ్తుంది మేడం, ప్లగ్గులు మార్చాలె" అన్నాడు. నాలుగూ మార్చాడు. వణుకు తగ్గలేదు. ఇంకో షెడ్డాయన ఇంజెక్టర్లు కడిగాడు. అయినా తగ్గలేదు. మూడో ఆయన పెట్రోలు పంపు మార్చాలన్నాడు.

"లోపం పంపులోనే ఉందని ఎట్లా తెలిసింది?" అని అడిగాను.

"సారును పంపండి మేడం, సారుకు చెప్తా" అన్నాడు.

మా సారుకి స్టెప్నీ ఎక్కడుంటుందో కూడా నేనే చూపించాలి!

ఆడవాళ్ళకి ఇంజన్ సంగతి తెలియదట. ఎందుకు తెలియదండీ? పెట్రోలు ఇంజనుకి ముఖ్యంగా కావలసినవి మూడు. గాలీ పెట్రోలూ సరైన పాళ్ళలో కలవాలి. ఆ మిశ్రమం బయటికి పోకుండా సిలిండరులో గట్టిగా అణగాలి. వేళకి నిప్పురవ్వ పడాలి. తూకంలో ఒక వంతు పెట్రోలుకి సుమారు 14.7 వంతుల గాలి ఉంటే పూర్తిగా మండుతుంది. అంతేగా? స్టౌ మంట పసుపుపచ్చగా వస్తే గాలి అందడం లేదని బర్నరు కడిగేదెవరు? కుక్కరు మూత చుట్టూ ఆవిరి పోతుంటే గాస్కెట్ పోయిందని కనిపెట్టేదెవరు? స్టౌ అంటుకోకపోతే తప్పు లైటరుదా, గ్యాసుదా అని అగ్గిపుల్ల గీసి చూసేదెవరు? లైటరు వెలగలేదని స్టౌ మార్చేసిన ఇల్లాలు ఎక్కడైనా ఉందా?

మా కాలనీలో ఓ బాబాయిగారున్నారు. ముప్ఫయ్యేళ్ళు టర్బయిన్ల మధ్య పనిచేసి రిటైరయ్యారు. కారు జబ్బంటే ఆయనకి పెళ్ళిభోజనంతో సమానం. ఆదివారం పొద్దున మరో ముగ్గురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. "కంగారు పడకమ్మాయ్, ఇవాళ ఏదీ మార్చం. ముందు కనుక్కుందాం" అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు సగం బెంగ తీరింది.

స్టీరింగు కింద ఓ సాకెట్టు ఉంటుంది. దానికి చిన్న మీటరు తగిలిస్తే కారు తన బాధ తనే చెప్పుకుంటుంది. అమెరికాలో 1996 నుంచీ కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు మన కార్లకీ ఉంటోంది. మీటరు "పి 0302" అంది. అంటే రెండో సిలిండరు సరిగ్గా మండడం లేదని. అయితే ఎక్కడన్నది చెబుతుంది గాని, ఎందుకన్నది చెప్పదు. అది మనిషి తేల్చుకోవాలి.

ఇంజన్ ఆపి చల్లారనిచ్చాక, రెండో సిలిండరు మీది ఇగ్నిషన్ కాయిల్‌ని మూడోదాని మీదికీ, మూడోదాన్ని రెండోదాని మీదికీ మార్చి బిగించారు. మళ్ళీ నడిపితే ఈసారి మీటరు "పి 0303" అంది. జబ్బు కాయిల్ వెంటే మూడో ఇంటికి నడిచి వెళ్ళింది! అచ్చం మన అగ్గిపుల్ల పరీక్షే. జబ్బు రెండో సిలిండరులోనే ఉండిపోతే, అప్పుడు ఇంజెక్టరూ కంప్రెషనూ చూడాల్సి వచ్చేదట. ఒక్క కాయిల్ మార్చాం. వణుకు పోయింది. అనవసరంగా మార్చిన ప్లగ్గులు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, సాక్ష్యానికి.

మెకానిక్కుల్ని తిట్టి ఊరుకుంటే మాత్రం న్యాయం కాదు. ఎండలో నిలబడి గంటసేపు వెతికిన మనిషికి మనం ఏమిస్తున్నాం? "ఏమీ మార్చలేదుగా, డబ్బులెందుకు?" అంటాం. డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇస్తాం. మెకానిక్కు బుర్రకి మాత్రం ఖరీదు కట్టం, సామానుకే కడతాం. మరి అతను సామానే అమ్ముతాడు. కనుక కనిపెట్టినందుకు వేరే కూలి ఇవ్వండి. ఇచ్చి, దర్జాగా అడగండి: ఏ సిలిండరు? ఎట్లా తేల్చారు? తీసేసిన పాత సామానేదీ? ఇంకో సంగతి, డాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం మినుకుమినుకుమంటుంటే బండి నడపకండి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి చేరి అక్కడి కన్వర్టరునీ పాడుచేస్తుంది.

మన ఊరి దగ్గరే 1972 నుంచీ ఇక్రిశాట్ ఉంది. అక్కడ కంది మొక్క వాడిపోతే ఏ తెగులో తేల్చుకోకుండా మందు చల్లమంటారా? మొక్కకి దక్కే మర్యాద మన డబ్బుకి దక్కకూడదా?

"అవన్నీ మగవాళ్ళ పనులు" అనేవారికి ఓ మాట. 1888 ఆగస్టులో, జర్మనీలో, బెర్తా బెంజ్ అనే ఇల్లాలు భర్తకి చెప్పకుండా ఆయన తయారుచేసిన కారులో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి పుట్టింటికి బయల్దేరింది. సుమారు వంద కిలోమీటర్లు. దారిలో ఇంధనం గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసిందట. ఆవిడ మాత్రం "సారును పంపిస్తా" అనలేదు.

కిందటివారం మావారు "మిక్సీ తిరగడం లేదు, కొత్తది కొందాం" అన్నారు.

"ముందు జబ్బేమిటో చెప్పండి" అన్నాను.

గోడమీది స్విచ్చి వెయ్యలేదు. అంతే!