బేస్ తీగల పులుసు

"గిన్నెలో ఏం ఉడుకుతోందిరా?" అని అడిగింది అమ్మ. చెబితే నమ్మలేదు, మూత తీసి చూసింది. లోపల నాలుగు బేస్ గిటార్ తీగలు. మర్నాడే కాలేజీలో మా ప్రోగ్రాం. కొత్త సెట్ కొందామంటే రెండు వేలకి అటూ ఇటూ. నా జేబులో ఉన్నది పెట్రోలు డబ్బులే.

అప్పటికి కొన్ని నెలలుగా నా బేస్ మూగబోయింది. ఇ-స్ట్రింగ్ మీటితే 'ధంగ్' అని మోగాల్సింది 'దుబ్' అంటోంది. ఆంప్‌లో ట్రెబుల్ పెంచాను. పెరిగింది బుస్సు మాత్రమే. తీగలోనే లేని శబ్దాన్ని ఆంప్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మనలో చాలామంది వాడే రౌండ్‌వౌండ్ తీగ ఒంటి కడ్డీ కాదు. మధ్యలో ఉక్కు తీగ, దాని మీద స్ప్రింగులా బిగించి చుట్టిన ఇంకో తీగ. చెమట, చేతి జిడ్డు, ఊడిన చర్మం ఆ చుట్ల సందుల్లో చేరి గట్టిపడతాయి. తీగ కదలికకు అడ్డుపడతాయి. ముందు పోయేవి పై స్వరాలు, అంటే ఆ మెరుపు. లావు శబ్దం మిగులుతుంది కాబట్టి చాలా రోజులు మనకి తేడా తెలియదు. మాది విశాఖపట్నం. ఉక్కపోతలో రెండు పాటలు వాయిస్తే చాలు, చేతులు జారిపోతాయి.

పది నిమిషాలు మరిగిస్తే నీళ్లు మురికి టీలా అయ్యాయి. తీగ చివర్న ఉండే రంగు దారం కూడా కాస్త కరిగింది. ఎక్కించి మీటాను. అబ్బ, కొత్త తీగే! ప్రోగ్రాం అదిరింది.

ఆ సంబరంలో రెండు తప్పులు చేశాను. పైపైన తుడిచానే గానీ లోపలి తడి ఆరనివ్వలేదు. చుట్ల లోపల తడి నిలిచింది, తుప్పు పట్టింది. రెండోది, మెరుపు తగ్గినప్పుడల్లా ఊడదీసి మళ్లీ ఉడకబెట్టాను. ట్యూనింగ్ మేకు దగ్గర తీగ వంగిన చోటే మళ్లీ మళ్లీ వంగి నీరసించింది. ఓ పెళ్లి రిసెప్షన్‌లో, పాట మధ్యలో, ఎ-స్ట్రింగ్ ఫట్‌మని తెగింది. మిగిలిన మూడింటితో ఎలాగో లాగించాను. మాకిస్తామన్న డబ్బులో మాత్రం కోత పడింది. మా డ్రమ్మర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నీళ్ల జోలికి పోను. ఫోన్ రిపేర్ షాపుల్లో బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది కదా, అది కొంటాను. తీగల్ని వదులుగా చుట్టి గాజు ఊరగాయ సీసాలో వేసి, మునిగేదాకా పోసి, మూత బిగించి ఒక రాత్రి వదిలేస్తాను. పొద్దున తుడిచి ఆరబెడితే చాలు, ఆల్కహాల్ తొందరగా ఆవిరైపోతుంది. నిప్పంటుకునే సరుకు గనక పొయ్యి దగ్గర వద్దు. కిటికీ తెరిచి పెట్టండి. సీసా మీద 'తాగరాదు' అని పెద్దగా రాయండి. ఫ్రెట్‌బోర్డు మీద ఒలకనివ్వకండి, చెక్క పొడిబారుతుంది. పూత ఉన్న కోటెడ్ తీగలకి మాత్రం ఈ స్నానాలేవీ వద్దు.

ఎంత కడిగినా మురికే పోతుంది. అలసిన లోహం మళ్లీ పడుచుదవదు. ఫ్రెట్ల దగ్గర గాట్లు పడ్డ తీగని మార్చాల్సిందే.

అసలు మెరుపే అక్కర్లేదన్నవాడూ ఉన్నాడు. మోటౌన్ పాటల వెనకాల బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్, తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని పేరు. ఆయనవి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. ఆ మెత్తటి దుబ్ దుబ్‌కే జనం పడిపోయారు. నా చేతికి ఆ మెత్తదనం రాదు, అందుకే నాకు ధంగ్ కావాలి. వాయించే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటాను, అయ్యాక పాత బనీను ముక్కతో తీగల్ని కింద నుంచి కూడా తుడుస్తాను. ఈ అలవాటయ్యాక ఊరగాయ సీసాతో పని బాగా తగ్గింది.

ఆ గిన్నె మాత్రం నా గదిలోనే ఉంది. అమ్మ దాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.