సంజాయిషీ అడగని శిక్ష

‘జీరో టాలరెన్స్’ అనే మాట ఇప్పుడు మన పట్టణాల ప్రైవేటు బడులలోనూ గొప్ప క్రమశిక్షణకు గుర్తుగా వినిపిస్తోంది. తప్పు చిన్నదా పెద్దదా, చేసినవారి వయసెంత, ఉద్దేశమేమిటి అనే విచారణ లేకుండా ముందే నిర్ణయించిన శిక్షను అమలు చేయడమే దీని అర్థం. నిబంధనల కింద సంతకం చేసి వచ్చే తల్లిదండ్రులలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఈ విధానం వేళ్లూనింది అమెరికాలో. 1994 నాటి తుపాకీ రహిత పాఠశాలల చట్టం, బడికి తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఒక ఏడాది బహిష్కరించాలన్నది. అయితే ఉదంతాన్ని బట్టి శిక్షను మార్చే అధికారాన్ని కూడా ఆ చట్టమే ఇచ్చింది. బడులు ఆ వెసులుబాటును వదిలి కాఠిన్యాన్ని పట్టుకున్నాయి. దీనివల్ల బడులు మరింత సురక్షితమయ్యాయనడానికి ఆధారం లేదని 2006లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందం తేల్చింది. తెల్లజాతి పిల్లలకంటే నల్లజాతి పిల్లలు మూడు రెట్లు ఎక్కువగా సస్పెన్షన్లకు, బహిష్కరణలకు గురవుతున్నారని 2014లో అక్కడి విద్యాశాఖే చెప్పింది.

2015 సెప్టెంబరులో టెక్సాస్ రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో అహ్మద్ మొహమ్మద్ అనే 14 ఏళ్ల బాలుడు తాను అమర్చిన గడియారాన్ని ఉపాధ్యాయులకు చూపించాలని బడికి తీసుకువెళ్లాడు. బాంబును పోలి ఉందంటూ పోలీసులు బేడీలు వేశారు. అది బాంబని నిజంగా నమ్మి ఉంటే ముందు బడిని ఖాళీ చేయించవలసింది, అది జరగలేదు. అభియోగమేదీ మోపకుండానే వదిలినా, బడి మాత్రం మూడు రోజుల సస్పెన్షన్ విధించింది. అధ్యక్షుడు ఒబామా ఆ గడియారంతో శ్వేతభవనానికి రమ్మని పిలిచారు. కుటుంబం వేసిన దావాను ఫెడరల్ న్యాయస్థానం కొట్టివేసింది. ప్రశంస దొరికింది గాని పరిహారం దొరకలేదు.

ఆ ఊరిలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారు తెలుసుకోవలసిన తీర్పు ఒకటుంది: 1975 నాటి గాస్ వర్సెస్ లోపెజ్. ప్రభుత్వ బడిలో పది రోజుల లోపు సస్పెన్షన్‌కైనా ఆరోపణ ఏమిటో చెప్పాలి, విద్యార్థి కాదంటే ఆధారం వివరించాలి, అతని మాట వినాలి. ప్రమాదముంటే వెంటనే పంపివేయవచ్చు. విచారణ మాత్రం తప్పదు. కత్తులు, మత్తుపదార్థాలు చూసి భయపడే ఉపాధ్యాయుల బాధకు కూడా ఇందులో చోటుంది.

మన విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఏ బిడ్డనూ బడినుండి తొలగించరాదు. 2019 సవరణ కూడా ఈ నిషేధాన్ని తాకలేదు. 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. 32వ సెక్షన్ కింద వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే స్థానిక అధికార సంస్థ ఇరుపక్షాల వాదన విని మూడు నెలల్లో తేల్చాలి; పై అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు.

ఇంత చట్టం ఉండగా తొలగింపులు ఎలా జరుగుతున్నాయి? తల్లిదండ్రుల వెంట బడులకు వెళ్లినప్పుడు మాకు కనిపించేది బహిష్కరణ ఉత్తర్వు కాదు. తల్లిదండ్రులే కోరినట్టుగా వ్రాయించుకున్న టీసీ దరఖాస్తు. ఆఫీసు ఫైళ్ల మధ్య బతికినవారికి ఈ కిటుకు కొత్త కాదు. స్వయంగా కోరినట్టున్న ఆ కాగితం ముందు ఏ ఫిర్యాదూ నిలవడం కష్టం. కనుక తల్లులారా, తండ్రులారా, ఎవరెంత తొందరపెట్టినా ఆ కాగితంపై సంతకం చేయకండి. ఆరోపణను, నిర్ణయాన్ని వ్రాతపూర్వకంగా అడగండి. మీ దరఖాస్తు నకలుపై అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇక మనవారికి రుచించని మాట. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదన్నది. 30వ అధికరణం మనకు ప్రాణప్రదమే. కాని ఈ మినహాయింపు వల్ల ముస్లిం యాజమాన్యంలోని బడిలో చదివే ముస్లిం బిడ్డకు 16, 17 సెక్షన్ల రక్షణ లేకుండా పోయింది. ఇతరుల బడులలో మన పిల్లల మాట వినలేదని ఆక్రోశించే మనం, మన బడులలో ఏం చేస్తున్నాం? వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోమని, తెలియక ఎవరికీ హాని చేయవద్దని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆదేశముంది. ఫీజు బకాయి ఉందనో, ఎదురు మాట్లాడాడనో ఏడో తరగతి పిల్లవాణ్ణి ఒక్క పూటలో పంపివేసే యాజమాన్యాలు ఆ ఆదేశాన్ని ఏ ఫైలులో ఉంచాయి?

నోటీసు, తల్లిదండ్రుల సమక్షంలో విచారణ, కారణాలతో ఉత్తర్వు, పైకమిటీకి అప్పీలు — ఈ నాలుగింటిని మన ప్రతి విద్యాసంస్థా జూన్‌లో బడులు తెరిచేలోగా తీర్మానంగా వ్రాసి నోటీసు బోర్డుపై అతికించాలని కోరుతున్నాం. మసీదు కమిటీలు తమ పరిధిలోని యాజమాన్యాలను ఈ విషయమై అడగాలి.