పేరుకు రాష్ట్ర రహదారి.. భారం జాతీయ రహదారిది
నార్కట్‌పల్లి–అద్దంకి మార్గంలో కూడళ్లే అసలు సమస్య

మిర్యాలగూడ: నార్కట్‌పల్లి వద్ద హైదరాబాద్–విజయవాడ రహదారి నుంచి విడివడి, మేదరమెట్ల వద్ద చెన్నై–కోల్‌కతా రహదారిలో కలిసే అద్దంకి మార్గం హోదాలో రాష్ట్ర రహదారే. మోస్తున్న భారం మాత్రం జాతీయ రహదారిది. విజయవాడ చుట్టు తప్పుతుండటంతో హైదరాబాద్ నుంచి నెల్లూరు, చెన్నై వెళ్లే వాహనాలు దీనినే ఆశ్రయిస్తున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ప్రైవేటు భాగస్వామ్యంతో నాలుగు వరుసల విస్తరణకు ఒప్పందం కుదిరింది. దీని పొడవు సుమారు 212 కిలోమీటర్లు.

స్థానిక అవసరాలూ తక్కువేమీ కావు. మిర్యాలగూడ రైసు మిల్లులకు ధాన్యం, దామరచర్ల, దాచేపల్లి ప్రాంతాల నుంచి సిమెంటు, పిడుగురాళ్ల నుంచి సున్నం, పల్నాడు మిర్చి, పత్తి ఈ దారి మీదుగానే తరలుతాయి. దూరప్రాంత లారీ వేగాన్ని కోరుకుంటుంది. ధాన్యం ట్రాక్టరు, పాఠశాలకు వెళ్లే విద్యార్థి రోడ్డు దాటే వీలును కోరుకుంటారు. ఈ రెంటి మధ్య సమన్వయం కుదరకపోవడమే ప్రమాదాలకు మూలం.

బైపాస్‌తో తీరేనా?

మిర్యాలగూడ, పిడుగురాళ్ల వద్ద బైపాస్‌లు రావడంతో పట్టణాల్లో లారీల రద్దీ తగ్గింది. అయితే బైపాస్ వెంట కొత్త కాలనీలు వెలిశాయి. ప్రమాదం ఊరి నడుమ నుంచి ఊరి అంచుకు మారింది. సత్తెనపల్లి దారి చీలే కొండమోడు, నరసరావుపేట–వినుకొండ దారి అడ్డువచ్చే సంతమాగులూరు వంటి కూడళ్లలో అన్ని రకాల వాహనాలూ ఒకేచోట కలుస్తాయి.

వంతెనకు ఇరువైపులా..

2014లో రాష్ట్రం విడిపోవడంతో వాడపల్లి–పొందుగుల మధ్య కృష్ణా వంతెన సరిహద్దుగా మారింది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఇక్కడే వందలాది మంది నిలిచిపోయారు. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి కరోనా రోగులతో వస్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దుల్లో నిలిపివేయగా హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. దారి ఒకటే అయినా అజమాయిషీ రెండుగా చీలితే ఇబ్బంది ఎవరికో అప్పుడు తేటతెల్లమైంది.

కూడళ్లలో సర్వీసు రోడ్లు, అండర్‌పాస్‌లు, రాత్రివేళ వెలుతురు, లారీలు నిలిపేందుకు ప్రత్యేక స్థలాలు తక్షణ అవసరం. వీటిపై రెండు రాష్ట్రాలూ ఉమ్మడి ప్రణాళికతో ముందుకు రావాలి. దారి పొడవునా ఉన్న పల్లెలకు భద్రత లేనినాడు రహదారి వేగం బాటసారులకే లాభం, స్థానికులకు భారం.