పరిచర్యకు పద్దు ఏది?

వృద్ధులైన తల్లిదండ్రులను ఇంటనే ఉంచుకొని సాకుట మన ధర్మమని అందరును అందురు. ఆ ధర్మమును ఎవరి చేతులు నిర్వహించుచున్నవన్న ప్రశ్న మాత్రము అరుదుగా వినవచ్చును. 2011 జనాభా లెక్కల నాటికే దేశమున అరువది యేండ్లు నిండినవారు 10 కోట్లకు పైబడిరి. కుమారుడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయుచుండగా, తల్లి గుంటూరులోనో కరీంనగరులోనో ఒంటరిగా నుండుట తెలుగునాట నేడు వింత గాదు. కుమారుడు పంపు సొమ్ము ఆ దూరమును క్షణములో దాటుచున్నది. మంచము పట్టిన మనిషిని ప్రక్కకు తిప్పి పడుకొనబెట్టు చేయి దాటలేదు.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ శాసనమును చేసినది. బిడ్డల నిరాదరణకు గురియైనవారు ట్రిబ్యునలును ఆశ్రయించి, నెలకు 10,000 రూపాయలకు మించని జీవనభృతిని పొందవచ్చును. పోషింతురను షరతుపై ఆస్తిని వ్రాసియిచ్చి మోసపోయినవారు ఆ దస్తావేజును రద్దు చేయించుకొనవచ్చును. శాసనము మేలైనదే. అయినను అది బాధ్యతను రూపాయలలో కొలిచినది గాని గంటలలో కొలువలేదు. అందు 'సంతానము' అనగా కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు. పెక్కు ఇండ్లలో రేయింబవళ్లు పరిచర్య చేయు కోడలి ప్రసక్తి అందు లేదు.

కోడలిని, అల్లుని ఆ నిర్వచనమున చేర్చుటకును, ఇంటివద్ద పరిచర్య సమకూర్చు సంస్థలను నిర్ణీత ప్రమాణములకు లోబరచుటకును 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు ప్రవేశపెట్టబడినది. 2024లో ఆ సభ రద్దు కాగా బిల్లు మురిగిపోయినది. అది శాసనమైనను కోడలికి బాధ్యత హెచ్చెడిదే గాని విశ్రాంతి లభించెడిది గాదు. కేంద్రప్రభుత్వోద్యోగినులకు శిశుపోషణకై 730 దినముల వరకు సెలవు కలదు; వృద్ధుల పరిచర్యకై అట్టి ప్రత్యేక సెలవు లేదు.

ఇక జీతమునకు వచ్చు పరిచారిక సంగతి. ఆమెకు సెలవు ఎన్నడు? నిద్రకు గంటలెన్ని? ఒరిపిడి పుండ్లు పడకుండ రోగిని కదల్చుట నేర్పినవారెవరు? అనేక గృహములలో ఈ ప్రశ్నలు అడుగబడుటయే లేదు. అలసిన పరిచారిక వలన మొదట నష్టపడునది మంచముపైనున్న వృద్ధురాలే.

2024లో 70 యేండ్లు నిండినవారందరికిని ఆయుష్మాన్ భారత్ పథకము వర్తింపజేయబడినది. కుటుంబమునకు సాలుకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స అందు లభించును. ఇల్లు చేరిన పిమ్మట నెలల తరబడి సాగు పరిచర్యకు మాత్రము అందు చోటు లేదు. ఈ లోటును కేరళము ముందుగా గుర్తించినది. 2008లో ఆ రాష్ట్రము ఉపశమన చికిత్సా విధానమును ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా నర్సులను మంచము పట్టినవారి ఇండ్లకు పంపుచున్నది. ఆ నర్సు రోగిని చూచుటయే గాక, ఇంటివారికి పని నేర్పును.

తెలుగు రాష్ట్రములలో ప్రతి మండలమునకు అట్టి ఏర్పాటు అవసరము. అంతవరకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఖర్చును పంచుకొనునట్లే రాత్రులను, సెలవు దినములను గూడ పంచుకొనవలెను; పరిచారిక పని వేళలను, విశ్రాంతిని కాగితముపై వ్రాసికొనవలెను. ఇంటి పద్దులో పాలకు, మందులకు లెక్కయున్నది. మేలుకొన్న రాత్రులకును లెక్క వ్రాసిననాడు, ఆ భారము ఎవరిపై పడుచున్నదో ఇంటిల్లిపాదికిని తెలియును.